మందపాటి గుండ్రటి ఇంగ్లీష్ ఫాంట్ (ఫ్యూచురా బోల్డ్, పాపిన్స్ లాంటివి) బోర్డుకి ఎక్కడ నప్పుతుంది, పక్కన తెలుగు ఎలా పెట్టాలి?

హన్మకొండలో బోర్డుల డిజైన్ చేసే ఒక అన్న అడిగిన ప్రశ్న ఇది. మొబైల్ షాపుకి 12×3 అడుగుల ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ షీట్) బోర్డు, దాని మీద లైటింగ్ అక్రిలిక్ లెటర్లు. పేరు ‘కాకతీయ మొబైల్స్’. మాల్‌లో చూసినట్టు గుండ్రంగా, మందంగా ఉండే ఇంగ్లీష్ అక్షరాలు కావాలని షాపాయన పట్టు. పాపిన్స్ ఎక్స్‌ట్రా బోల్డ్‌లో పెడితే ఇంగ్లీష్ కుదిరింది, కింద తెలుగు మాత్రం పీలగా, వేరే బోర్డు నుంచి తెచ్చి అతికించినట్టు ఉంది. ఎందుకలా? అసలు ఈ రకం ఫాంట్ ఎక్కడ వాడాలి, ఎక్కడ వద్దు?

సూటిగా చెప్తాను. ఈ ఫాంట్లు తక్కువ అక్షరాలున్న పేరుని పెద్దగా చూపించడానికి మాత్రమే. మీ బోర్డుకి సరిపోతాయి, కానీ ఎక్స్‌ట్రా బోల్డ్ కాదు, బోల్డ్ లేదా సెమీ బోల్డ్ చాలు. తెలుగు పీలగా రావడానికి కారణం పాపిన్స్‌లో తెలుగే లేకపోవడం. అందులో ఉన్నవి ఇంగ్లీష్, దేవనాగరి లిపులు. తెలుగు టైపు చేయగానే సాఫ్ట్‌వేర్ సిస్టమ్‌లో దొరికిన ఏదో ఒక తెలుగు ఫాంట్‌ని, విండోస్‌లో ఎక్కువగా నిర్మలా యూఐ లేదా గౌతమిని, తెచ్చి పెడుతుంది. పైన ఎక్స్‌ట్రా బోల్డ్ అని కనిపిస్తున్నా ఆ మందం దీనికి రాదు. కాబట్టి తెలుగుకి విడిగా, మందం ఉన్న తెలుగు ఫాంట్ ఎంచుకోవాలి. అను ఫాంట్లు (డీటీపీలో వాడే పాత పద్ధతి తెలుగు ఫాంట్లు) కాకుండా యూనికోడ్‌వి (ఫోన్లో, కంప్యూటర్లో ఎక్కడైనా ఒకేలా చదవగలిగేవి) అయితే అనెక్ తెలుగు, బాలూ తమ్ముడు 2, నోటో శాన్స్ తెలుగు, రామభద్ర చూడండి. ఇవన్నీ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితం, కమర్షియల్ పనికి కూడా వాడుకోవచ్చు.

ఇక వివరాలు.

ఈ కుటుంబానికి పెద్ద ఫ్యూచురా. పాల్ రెన్నర్ గీశారు, జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్‌కి చెందిన బావర్ ఫౌండ్రీ (అచ్చు అక్షరాలు తయారు చేసే సంస్థ) 1927లో విడుదల చేసింది. వృత్తం, త్రికోణం, సరళరేఖ, వీటితోనే అక్షరం కట్టాలన్నది ఆలోచన. 1969లో అపోలో 11 చంద్రుడి మీద వదిలి వచ్చిన ఫలకం మీద ఉన్నవి కూడా ఫ్యూచురా క్యాపిటల్ అక్షరాలే. 2000లో వచ్చిన గోథమ్ మన పనికి ఇంకా దగ్గర, ఎందుకంటే న్యూయార్క్‌లో పాత బిల్డింగుల మీది బోర్డు అక్షరాలను చూసి గీసింది అది. ఉచితంగా కావాలంటే ఫ్యూచురాకి దగ్గరగా జోస్ట్, బాగా మందంగా కావాలంటే లీగ్ స్పార్టన్, మధ్యస్థంగా పాపిన్స్, మోంట్సెరాట్ ఉన్నాయి. ఫ్యూచురా, గోథమ్ కొనాల్సినవి. పైరసీ కాపీ పెట్టుకుని ఫైల్ ఇచ్చేకంటే జోస్ట్ వాడటం మేలు. బోర్డు మీద తేడా పట్టేవాళ్లు వందలో ఒకరు కూడా ఉండరు.

పేరుకి వృత్తమే అయినా, మంచి జామెట్రిక్ ఫాంట్‌లో (ఇలా వృత్తం, గీతలతో కట్టినదాంట్లో) ‘ఓ’ అక్షరం కంపాస్‌తో గీసినట్టు ఉండదు. పక్కల మందం ఎక్కువ, పైనా కిందా దాదాపు పదో వంతు పలచన. మన కంటికి అడ్డగీత అదే కొలత ఉన్న నిలువుగీత కంటే లావుగా కనిపిస్తుంది, అందుకే ఆ సర్దుబాటు. కోరల్‌డ్రాలో ఎలిప్స్ గీసి దానికి అవుట్‌లైన్ మందం పెంచి ‘ఓ’ తయారు చేస్తే పైనా కిందా బరువెక్కి ఉంటుంది. లోగో కోసం సొంతంగా గీసేవాళ్లందరికీ తగిలే దెబ్బ ఇదే. అలాగే గుండ్రటి అక్షరాలు కింది గీతకి కొంచెం కిందికి, పై గీతకి కొంచెం పైకి దాటి ఉంటాయి, ఎత్తులో ఒకటి నుంచి రెండు శాతం. 10 అంగుళాల అక్షరానికి ఇది 3–4 మిల్లీమీటర్లు. డిజైన్‌లో ఇది సరిగ్గానే ఉంటుంది, చెడేది ఫిట్టింగ్‌లో. ఫిట్టర్ దారం లాగి అన్ని అక్షరాల అడుగులూ దానికే ఆనిస్తాడు. ‘ఓ’, ‘ఎస్’, ‘సీ’ పైకి ఎగిరినట్టు కనబడతాయి. దీనికి మందు ఒకటే: అసలు సైజులో (1:1) కాగితం మీద ప్రింట్ తీసి, బోర్డుకి అంటించి, దాని మీదుగానే డ్రిల్ చేయించాలి. ఖర్చు లెక్క చూసుకుని ఆ ప్రింట్ మానేస్తారు, తర్వాత నిచ్చెన మళ్లీ వేయాల్సి వస్తుంది.

అసలు కష్టం అక్షరాల మధ్య సందుది. ఈ ఫాంట్లలో ‘ఓ’ వెడల్పు, ‘ఐ’ ఒక కర్ర అంత, ‘ఏ’ త్రికోణం. మన పేర్లు ఇంగ్లీష్‌లో రాస్తే ‘ఏ’లు ఎక్కువ. కాకతీయనే తీసుకోండి: కే-ఏ-కే-ఏ-టీ-ఐ-వై-ఏ. ఎనిమిది అక్షరాల్లో మూడు ‘ఏ’లు, రెండు ‘కే’లు, ఒక ‘వై’, ఒక ‘టీ’. ‘ఏ’ కాలూ ‘కే’ నిలువుగీతా దగ్గరగా ఉంటాయి కానీ పైన పెద్ద ఖాళీ. ‘కే’ కాలూ ‘ఏ’ కాలూ కింద ఢీకొంటాయి, కాబట్టి ఆ రెంటినీ ఇంకా దగ్గరికి జరపలేం. ‘ఏ-టీ’, ‘వై-ఏ’ మాత్రం ఒకదాని చంకలో ఒకటి దూరిపోతాయి. ఫాంట్‌లో ఉన్న కెర్నింగ్ (జతజతకీ విడిగా చేసే సందు సర్దుబాటు) ఈ రెండు జతల్నీ దగ్గరికి లాగేస్తుంది, దాంతో పేరు ‘కా’, ‘కతీయ’ అని రెండు ముక్కలుగా విరిగినట్టు కనబడుతుంది.

చేయాల్సింది: ఎక్కువ ఖాళీ ఉన్న జత ఏదో ముందు పట్టుకోండి (ఇక్కడ ‘ఏ-కే’), దాన్ని ముట్టుకోకండి. మిగతా జతల్ని దానికి సరిపోయేలా కొంచెం వదులు చేయండి. అంటే ‘ఏ-టీ’, ‘వై-ఏ’ కెర్నింగ్ తగ్గించాలి, ‘టీ-ఐ’, ‘ఐ-వై’ మధ్య కొంచెం తెరవాలి. పని అయ్యాక స్క్రీన్ మీద పేరుని తలకిందులు చేసి చూడండి. చదవడం ఆగిపోతుంది, కన్ను ఖాళీలనే చూస్తుంది. ట్రాకింగ్ (పేరు మొత్తానికి ఒకేలా పెంచే, తగ్గించే సందు) విషయానికొస్తే, పోస్టర్‌కి, టీషర్టుకి బిగుతుగా (ఫోటోషాప్ లెక్కలో -10 నుంచి -20) పెట్టినా అందమే. రోడ్డు మీంచి చదివే బోర్డుకి మాత్రం +20 నుంచి +40 వదలాలి, లేకపోతే దూరం నుంచి అక్షరాలు అతుక్కుపోతాయి.

ఇప్పుడు మీ బోర్డు లెక్క. బోల్డ్ జామెట్రిక్ క్యాపిటల్స్‌లో ఒక్కో అక్షరం, పక్క సందుతో కలిపి, సగటున తన ఎత్తుకి 0.9 నుంచి 1 రెట్టు వెడల్పు పడుతుంది. ‘ఐ’ మాత్రం 0.4 అనుకోండి. 12 అడుగుల్లో రెండు పక్కలా అరడుగు వదిలితే 132 అంగుళాలు మిగులుతాయి. ‘కాకతీయ మొబైల్స్’ ఇంగ్లీష్‌లో 15 అక్షరాలు, అందులో రెండు ‘ఐ’లు, మధ్యలో ఒక ఖాళీ. లెక్క వేస్తే ఎత్తు 9 అంగుళాల దగ్గర ఆగుతుంది. బోర్డుల పనిలో అందరూ వాడే లెక్క ప్రకారం అంగుళం ఎత్తుకి 10 అడుగులు, అంటే 90 అడుగుల నుంచి తేలిగ్గా చదవొచ్చు. చౌరస్తాలో మడిగెకి ఇది చాలు. ములుగు రోడ్డు, బైపాస్ లాంటి చోట బండ్లు స్పీడుగా పోతుంటాయి కాబట్టి చాలదు. అక్కడ ‘మొబైల్స్’ అన్న మాటను చిన్నగా రెండో వరుసలోకి దించి, ‘కాకతీయ’ని 15–16 అంగుళాలకి పెంచాలి. అలా చేస్తే తెలుగుకి కింద చోటు చాలదు, ఒక పక్కగా నిలపాలి.

ఇదే బోర్డు మీద ‘వేంకటేశ్వర ఫర్టిలైజర్స్ అండ్ సీడ్స్’ అని ఇంగ్లీష్‌లో రాయాల్సి వస్తే ఈ ఫాంట్ జోలికి పోవద్దు. ‘వేంకటేశ్వర’ ఒక్కదానికే 13 అక్షరాలు. అప్పుడు చాలామంది చేసేది ఫాంట్‌ని పక్కల నుంచి నొక్కడం. నొక్కకండి. అడ్డంగా నొక్కితే నిలువు గీతలు సన్నబడతాయి, అడ్డగీతలు మందంగానే మిగులుతాయి, వృత్తాలు కోడిగుడ్లవుతాయి. ఈ ఫాంట్‌కి ఉన్న అందమంతా వృత్తంలోనే కాబట్టి మిగతా ఫాంట్ల కంటే దీనికి జరిగే నష్టం ఎక్కువ. ముందే సన్నగా గీసిన ఫాంట్లు ఉన్నాయి: బెబాస్ న్యూ, ఓస్వాల్డ్, బార్లో కండెన్స్‌డ్. ఎనుమాముల మార్కెట్ చుట్టుపక్కల ఉండే విత్తనాలు, ఎరువుల షాపుల పేర్లు చాలావరకు ఇలాంటివే, పొడుగు పేర్లు. వాటికి నా సలహా ఇంకోటి కూడా ఉంది: తెలుగు పైన పెద్దగా, ఇంగ్లీష్ కింద చిన్నగా. కొనే రైతు చదివేది తెలుగే.

తెలుగు జత కలపడం దగ్గర కొంచెం ఓపిక కావాలి. ఇంగ్లీష్‌ది బోల్డ్ కదా అని తెలుగుది కూడా బోల్డ్ అని పేరు చూసి పెట్టేస్తే కుదరదు, గీత మందం కొలిచి పెట్టాలి. జామెట్రిక్ బోల్డ్‌లో ‘హెచ్’ నిలువుగీత మందం దాదాపు ఎత్తులో ఐదో వంతు. 9 అంగుళాల అక్షరానికి 1.8 అంగుళాలు. తెలుగు అక్షరానికి అంత మందం ఇవ్వలేం, లోపల చోటుండదు. ఇంగ్లీష్ గీతలో 60–70 శాతం, అంటే 1.1 నుంచి 1.25 అంగుళాలు ఉండేలా తెలుగు సైజు, మందం రెండూ కలిపి సర్దుకోండి. అనెక్ తెలుగు ఇందుకు వీలుగా ఉంటుంది. మందం 100 నుంచి 800 దాకా, వెడల్పు కూడా సన్నం నుంచి విశాలం దాకా జరుపుకోవచ్చు. రామభద్ర ఒకే మందంలో వస్తుంది కాబట్టి సైజుతోనే ఆడుకోవాలి.

మందం మితిమీరితే తెలుగులో అక్షరమే మారిపోతుంది. ‘వ’కీ ‘ప’కీ, ‘న’కీ ‘స’కీ తేడా తలకట్టు దగ్గర ఉండే చిన్న సందు. అది పూడితే ‘పవన్’ చదవాల్సిన చోట ‘వవన్’ కనబడుతుంది. ‘ద-ధ’, ‘డ-ఢ’, ‘బ-భ’ లాంటి జతల్లో తేడా చెప్పే చిన్న గీత కూడా ఒంట్లో కలిసిపోతుంది. ‘ఘ’, ‘ఝ’, ‘క్ష’, ‘శ్రీ’ లోపలి సందులు ముందుగా పూడతాయి. అందుకే సన్నటి తెలుగు ఫాంట్‌కి అదే రంగు అవుట్‌లైన్ ఇచ్చి లావు చేయొద్దు. అవుట్‌లైన్ బయటికే కాదు, లోపలికీ పెరుగుతుంది, పోయేది ఆ సందులే. ఫ్లెక్సీల మీద పేర్లు చదవలేకపోవడానికి సగం కారణం ఇదే. మిగతా సగం దాని చుట్టూ వేసే తెల్లది, ఎర్రది, మళ్లీ పసుపుది అవుట్‌లైన్లు.

నిలువు చోటు కూడా ముందే చూసుకోవాలి. ఇంగ్లీష్ క్యాపిటల్స్ ఒక డబ్బాలో కూర్చుంటాయి, తెలుగు పైకీ కిందికీ పాకుతుంది. మీ పేరులో ‘కాకతీయ’ మర్యాదగానే ఉంటుంది, వొత్తులు లేవు. ‘మొబైల్స్’లో ‘బై’కి కింద గుర్తు, ‘ల్స్’కి కింద స వొత్తు, పైన పొల్లు. 36 అంగుళాల ఎత్తుని ఇలా పంచొచ్చు: పైన 4 ఖాళీ, ఇంగ్లీష్ 9, మధ్యలో 5, తెలుగుకి గుణింతాలు, వొత్తులతో కలిపి 13, కింద 5. తెలుగు అక్షరం ఒంటి ఎత్తు ఇందులో 7 దాకా వస్తుంది. ఫ్రేమ్ అంచుకి వొత్తు తగిలేలా పెట్టకండి. పక్కన ఖాళీ ఉన్నా, కింద ఊపిరాడకపోతే బోర్డు మొత్తం ఇరుకుగా కనబడుతుంది.

తెలుగుకి ట్రాకింగ్ పెట్టొద్దు. అను లాంటి పాత ఫాంట్లలో గుణింతం, వొత్తు విడి ముక్కలు. సందు పెంచితే వొత్తు తన అక్షరాన్ని వదిలి పక్కదాని కిందికి పోతుంది. యూనికోడ్‌లో ఇది తక్కువే కానీ, పక్కగా కూర్చునే ‘య’ వొత్తు లాంటివి అక్కడ కూడా జరగొచ్చు. ఫోటోషాప్‌లో వొత్తులు విడిపోయి, పొల్లుతో కనబడుతుంటే తప్పు ఫాంట్‌ది కాదు. కొంచెం పాత వెర్షన్ అయితే టైప్ ప్రిఫరెన్సెస్‌లో వరల్డ్-రెడీ లేఅవుట్ పెట్టండి, ఇంకా పాతవాటిలో అదే ‘మిడిల్ ఈస్టర్న్ అండ్ సౌత్ ఏషియన్’ అని ఉంటుంది. కటింగ్‌కి పంపేముందు కర్వ్స్‌లోకి (ఫాంట్ అవసరం లేని గీతల బొమ్మగా) మార్చి, ప్రతి వొత్తునీ కంటితో సరిచూడండి. అవతలివాళ్ల సిస్టమ్‌లో ఫాంట్ లేక ‘స్టోర్స్’ కాస్తా ‘స్‌టోర్స్’ అయి కట్ అయ్యాక డబ్బులెవరు పెట్టుకోవాలన్న గొడవ తెగదు.

లైటింగ్ అక్షరాలకు ఈ ఫాంట్లు బాగా కుదురుతాయి, కారణం గీత వెడల్పు. మామూలు మూడు బల్బుల ఎల్‌ఈడీ మాడ్యూల్ 1.5 సెంటీమీటర్ల వెడల్పుంటుంది. 1.8 అంగుళాల గీతలో హాయిగా కూర్చుని, వెలుతురు రెండు అంచులకీ సమంగా పారుతుంది. సన్నటి ఫాంట్‌లో మాడ్యూల్ పెట్టడానికే చోటుండదు. మాడ్యూళ్ల మధ్య దూరం అక్షరం లోతుకి మించితే ముఖం మీద చుక్కలు చుక్కలుగా వెలుగు కనబడుతుంది. 2 అంగుళాల లోతుకి 2 అంగుళాల దూరం అనుకోండి. అయితే రాత్రి వెలుగు అక్షరం దాటి చిమ్ముతుంది, చూసేవాళ్లకి గీత ఇంకా లావవుతుంది. ‘ఏ’, ‘బీ’, ‘ఆర్’ లోపలి ఖాళీలు మూసుకుపోతాయి. మీకు ఎక్స్‌ట్రా బోల్డ్ వద్దన్నది అందుకే. ముదురు రంగు మీద తెల్ల అక్షరం, లోపల లైటు ఉంటే పగటి డిజైన్ కంటే ఒక మెట్టు తగ్గించడం పద్ధతి. తెలుగు లైన్‌కి గీత 1.1 అంగుళాలే కాబట్టి దానికి లోపలి లైటు మానేసి, వెలుగు లేని 5 ఎంఎం అక్రిలిక్ లేదా మామూలు వినైల్ (స్టిక్కర్ షీట్) వేయమని కొందరు చెప్తారు. అలా చేస్తే రాత్రి తెలుగు మాయమవుతుంది. ఒకే వరుస మాడ్యూల్ దానికీ సరిపోతుంది, పెట్టించండి.

కటింగ్ గురించి రెండు మాటలు. సీఎన్‌సీ రౌటర్‌లో (కంప్యూటర్‌తో నడిచే కోత మిషన్‌లో) 3 ఎంఎం బిట్ వాడితే లోపలి మూలలన్నీ 1.5 ఎంఎం గుండ్రమవుతాయి. 9 అంగుళాల అక్షరానికి కనబడదు, 2 అంగుళాల ట్యాగ్‌లైన్‌కి ‘ఎమ్’, ‘డబ్ల్యూ’ లోపలి మొనలు మొద్దుబారతాయి. చిన్నవాటికి లేజర్ మేలు. వినైల్‌లో ఈ ఫాంట్లు ఒలవడానికి సుఖం, సన్నటి తోకలు ఉండవు కాబట్టి. కాకపోతే ‘ఏ’, ‘ఓ’, ‘పీ’ లోపలి ముక్కలు తీయడం మర్చిపోకూడదు. ఆటోల మీద పెయింట్ కొట్టే స్టెన్సిల్‌కైతే ఆ లోపలి ముక్కల్ని పట్టి ఉంచే వంతెనలు డిజైన్‌లోనే పెట్టాలి.

ఎక్కడ వద్దు అన్నదానికి: శుభలేఖకి, గుడి బోర్డుకి ఈ ముఖం నప్పదు, గంభీరంగా కాకుండా అమ్మకానికి పెట్టినట్టు ఉంటుంది. మేడారం జాతర స్వాగత ఫ్లెక్సీల్లాంటి చోట ఇరవై పేర్లు, ఇరవై ఫోటోలు ఉంటాయి, అన్నీ బోల్డ్ అయితే ఏదీ బోల్డ్ కాదు. టిఫిన్ సెంటర్ పేరుకి సరే, ధరల పట్టికకి వద్దు. జిమ్, కోచింగ్ సెంటర్, కేఫ్, బట్టల షోరూమ్, స్పోర్ట్స్ టీషర్టు, పార్కింగ్ బాణాలు, వీటికి కళ్లు మూసుకుని వాడొచ్చు. హాస్పిటల్ పేరుకి సెమీ బోల్డ్ దాకా పర్లేదు. లోపల డాక్టర్ల పేర్లు, డిగ్రీలకు మాత్రం వేరే మామూలు ఫాంట్ కావాలి. ఫ్యూచురా, సెంచరీ గోథిక్ లాంటి వాటిలో స్మాల్ ‘ఏ’ సున్నాకి కర్ర తగిలించినట్టు ఉంటుంది, చిన్న సైజులో ‘ఓ’తో కలిసిపోతుంది. స్మాల్ ‘ఎల్’, క్యాపిటల్ ‘ఐ’ రెండూ ఒకే కర్రలా కనబడతాయి. మెయిల్ ఐడీ, వెబ్‌సైట్, యూపీఐ ఐడీ వీటిలో రాస్తే తప్పు కొడతారు.

ఫోన్ నంబర్ కూడా వీటిలో వేయకండి. 0, 6, 8, 9 నాలుగూ బయటి నుంచి ఒకే గుండు ఆకారం, తేడా అంతా లోపలి చిన్న ఖాళీల్లో. బోల్డ్‌లో ఆ ఖాళీలు పోతే దూరం నుంచి 6, 8 ఒకటే. నోటో శాన్స్ మీడియం లాంటిది తీసుకుని, ఐదు అంకెలు, ఖాళీ, ఐదు అంకెలుగా విడగొట్టండి. మీ బోర్డులో దానికి కుడి చివర కింద 2.5–3 అంగుళాల ఎత్తు చాలు, షట్టర్ ముందు నిలబడినవాళ్లే దాన్ని చూసి ఫోన్ చేస్తారు.

అదే షాపు విజిటింగ్ కార్డు కూడా మీరే చేస్తుంటే, పేరు మాత్రం బోర్డు మీది ఫాంట్, అడ్రస్ రెగ్యులర్ లేదా మీడియం. ఇంగ్లీష్ 7 పాయింట్లకి, తెలుగు 9 పాయింట్లకి తగ్గొద్దు. ముదురు రంగు మీద తెల్ల అక్షరాలైతే ఒక్కో పాయింటు పెంచండి. చిన్న నల్ల అక్షరాలు ఒక్క నలుపు ఇంకుతోనే (మిగతా మూడు రంగులు సున్నా) ఉండేలా చూసుకోండి. నాలుగు రంగుల నలుపైతే ప్రింటింగ్‌లో రంగు ఒక వెంట్రుకవాసి జరిగినా అంచులు మసకబారి, వొత్తులు నీడలా కనబడతాయి.